నది నిండుగా ఉందన్న చెట్టు

సోలెడాడ్ నదిలో నీళ్లు తగ్గాయన్నది గిట్టనివాళ్ల ప్రచారమనీ, నిజమేమిటో ఇకమీదట చెట్లనే అడిగి తేలుస్తామనీ మా నీటి బోర్డు అధ్యక్షులు థర్లో హాగర్డ్ గారు ప్రకటించారు. ప్రజాస్వామ్యాన్ని చెట్లదాకా తీసుకెళ్లిన నాయకుడు కొలరాడో రాష్ట్రం మొత్తమ్మీద ఈయనొక్కరే. బోర్డు సభలకు కాఫీ, డోనట్లు పంపేది నా దుకాణం నుంచే కాబట్టి, అన్నీ కళ్లారా చూసే భాగ్యం కలిగింది.

డాక్టర్ ఇంగ్రిడ్ సోల్వే అనే శాస్త్రవేత్తను పిలిపించారు. ఆవిడ ఎండు కొండవాలెక్కి, ముసలి పైన్ చెట్లకు సన్నటి బరమా దింపి, పెన్సిలంత ముక్కలు తీసింది. వానలు బాగా పడి నది నిండిన ఏడు చెట్టులో వలయం లావుగా, కరువు ఏడు సన్నగా పడుతుందట. వందల ఏళ్ల లెక్క చూసి, మీరు కాగితాల మీద పంచినన్ని నీళ్లు ఈ నదిలో ఏనాడూ లేవని తేల్చేసింది.

హాగర్డ్ గారు నొచ్చుకోలేదు. "కొండమీద చెట్లకు అసంతృప్తి ఎక్కువమ్మా. కాస్త చల్లగా బతికే చెట్టును అడగరాదూ?" అన్నారు.

అలాంటిది ఆయన పెరట్లోనే ఉంది. పచ్చికకు పెట్టే నీళ్లు తాగి బలిసిన కాటన్‌వుడ్ చెట్టు. అన్నీ లావు వలయాలే. అది పెరిగింది వాన నీళ్లతో కాదు, మీ పైపు నీళ్లతో అని డాక్టరమ్మ మొత్తుకుంది. ఆవిడకు జ్ఞాపిక ఇచ్చి సాగనంపారు. నది నిండుగా ఉన్నట్టు బోర్డు ఏకగ్రీవంగా తీర్మానించి, ఆ ధైర్యంతో ఎగువన గోల్ఫ్ మైదానానికి కాలువ తవ్వించింది.

దిగువన ఎసెబియో అర్చులెటా పీచ్ పళ్ల తోట. తాత నాటి నీటి హక్కు ఆయనది. అయితేనేం, తూము ఎత్తితే ఇసుకే. పదేళ్లపాటు ఆయన మొరపెట్టుకున్నప్పుడల్లా బోర్డు చెట్టు సాక్ష్యం చూపించింది. తోట నిలువునా ఎండిపోయింది.

మా దగ్గర పదేళ్లు వాడుకోని నీటి హక్కు రద్దవుతుంది. మొన్న ఎసెబియోని విచారణకు పిలిచారు.

"పెద్దాయనా, పదేళ్లుగా మీరు చుక్క నీరు తీసుకోలేదు. అవునా?" అని అడిగారు హాగర్డ్ గారు.

"ఉంటే కదయ్యా తీసుకోడానికి."

"ఉన్నాయని తీర్మానం ఉంది. మీరే వాడుకోలేదు."

హక్కు గోల్ఫ్ మైదానానికి పోయింది.

"ఆ గోల్ఫ్ వాళ్లకైనా నిజం చెప్పండయ్యా, ఆ హక్కులో నీళ్లు లేవని" అన్నాడు ఎసెబియో.

అలాగని ఆయన్ను వట్టి చేతులతో పంపుతారా? హాగర్డ్ గారి మనసు అలాంటిది కాదు. పదేళ్లు చుక్క నీరు ముట్టనందుకు జల పొదుపు పురస్కారం ప్రకటించి, అందరి చప్పట్ల మధ్య ఒక పీచ్ మొక్క చేతిలో పెట్టారు. రోజూ మరిచిపోకుండా నీళ్లు పొయ్యమని మరీమరీ చెప్పారు.