పాపాలు తీసేసిన సినిమా

గురువారం పొద్దున జయపాల్ గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, మందార మొక్కలకు నీళ్లు పోయాలి, చర్చికి వెళ్లి ముగ్గురు పెద్దలకు సినిమా చూపించి సరేననిపించుకోవాలి, భోజనం వేళకు ఇంటికొచ్చి పడుకోవాలి. ఉద్యోగకాలమంతా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషికి ఇంత చిన్న పని మధ్యాహ్నంలోగా తెమలకపోవడానికి కారణమేమీ కనిపించలేదు.

గుణదలలో కాలువగట్టుకు దగ్గరగా ఉన్న వాళ్ల చిన్న చర్చి సంఘం ఏటా వార్షికోత్సవానికి ముందు శనివారం సాయంత్రం ఆవరణలో తెర కట్టి భక్తి సినిమా వేస్తుంది. ఆ అలవాటు మొదలుపెట్టింది ఆయన భార్య హెప్సిబా. సినిమాహాలు మెట్లెక్కడమే తప్పనుకునే ఇళ్లలోని ఆడవాళ్లు ఏడాదికొక్కసారైనా పెద్ద బొమ్మ చూడాలని ఆవిడ పట్టుబట్టింది. నాలుగు తెల్ల దుప్పట్లు కలిపి తెర కుట్టింది కూడా ఆవిడే. ఆవిడ పోయి మూడేళ్లయింది. తెర మాత్రం గట్టిగానే ఉంది. మధ్యలో ఉన్న కుట్టు ఏ సినిమా వేసినా హీరో ముఖాన్ని నిలువునా రెండు చేస్తుంది. జయపాల్ గారికి ఆ గీతంటే కూడా ఇష్టమే.

వచ్చిన చిక్కల్లా క్రితం ఏడాదిది. ఫోన్లో ఉచితంగా దొరికిందని బైబిల్లోని వీరుడు సమ్సోను కథ వేశారు. సమ్సోను రెండు స్తంభాల మీద చేతులు వేసి ప్రార్థన మొదలుపెట్టిన ఘడియలో తెర మీద ఆన్‌లైన్ రమ్మీ ప్రకటన వచ్చింది. సంఘమంతా నోరు తెరుచుకుని చూస్తుండగా ఒకమ్మాయి నవ్వుతూ పేకముక్కలు పంచింది.

"ఈసారి ఒక్క అభ్యంతరం వచ్చినా సినిమా సాయంత్రం ఆపేద్దామంటున్నారు జయపాల్ గారూ. మీరేమీ అనుకోకండి, పెద్దలు ముందు చూసి సరేనంటేనే వేయాలి" అన్నారు పాస్టరు నతానియేలు గారు.

అందుకే జయపాల్ గారు నెలరోజులు వెతికి ఒక సినిమా పట్టుకున్నారు. పామర్రు వైపు కొందరు విశ్వాసులు కలిసి తీసింది. బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథే, కాకపోతే మన ఊళ్లల్లో జరిగినట్టు తీశారు. రత్నాకర్ అనే కుర్రాడు తండ్రితో పోట్లాడి, తన వాటా పట్టుకుని విజయవాడ వస్తాడు, అన్ని రకాలుగా చెడిపోతాడు, చివరికి చేపల చెరువు మీద కాపలా ఉద్యోగంలో తేలతాడు. ఆకలికి తాళలేక చేపలకు వేసే తవుడు గుప్పెడు తీసి నోట్లో పెట్టుకోబోతాడు. అక్కడ బుద్ధి వచ్చి ఇంటిదారి పడతాడు. జయపాల్ గారు ఒంటరిగా చూసి కళ్లు తుడుచుకున్నారు. ఇందులో తప్పు పట్టడానికేముంది అనుకున్నారు.

పాస్టరు గారి గదిలో ఫ్యాను కింద పెద్దలు కూర్చున్నారు. మొదటి సీసా కనపడగానే స్త్రీల సమాజం పెద్ద సువార్తమ్మ గారు చెయ్యెత్తారు.

"ఆపండి. ఏమిటండీ ఇది? పసిపిల్లలు కూర్చుంటారు ముందు వరసలో."

"వాడు చెడిపోతున్నాడండీ. అది చూపించాలి కదా."

"చెడిపోయాడని చెప్తే సరిపోదూ? దగ్గరుండి మందు పోయించాలా?"

తర్వాత డ్యాన్సు వచ్చింది, సువార్తమ్మ గారు గోడ వైపు తిరిగి కూర్చుని "అయిపోయిందా?" అని అడుగుతూ పోయారు. తర్వాత కోడిపందెం వచ్చింది. ఆర్టీసీలో కంట్రోలరుగా చేసి రిటైరైన లాజరు గారు గొంతు సవరించుకున్నారు.

"ఇది ఉండకూడదు బ్రదర్. కోడి కనపడితే మనవాళ్లు వాక్యం చూడరు, కోడిని చూస్తారు. పైగా మొదట్లో ఆ కుర్రాడు తండ్రిని పట్టుకుని నోటికొచ్చినట్టు మాట్లాడాడే, అది కూడా తీసెయ్యండి. మావాడికి ఇప్పటికే చాలా మాటలు వచ్చు."

పాస్టరు గారు ఏమీ అనలేదు. అది చిన్న మేలుగా లెక్కేసుకుని జయపాల్ గారు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని దుర్గాప్రసాద్ స్టూడియోకి వెళ్లారు.

దుర్గాప్రసాద్ పెళ్లి వీడియోలు తీస్తాడు. ఒకప్పుడు జయపాల్ గారి క్లాసులో వెనక బెంచీ కుర్రాడు. తీసేయాల్సినవి విని కంప్యూటరు మీంచి చేతులు తీసేశాడు.

"మాస్టారూ, తప్పుగా అనుకోకండి. మా దుర్గమ్మ కథలో మహిషాసురుడు ఉంటాడు. వాణ్ని తీసేస్తే అమ్మవారు త్రిశూలం ఎందుకు పట్టుకుందో ఎవరికి తెలుస్తుందండీ?"

"నాకు తెలుసు ప్రసాదూ. కానీ కమిటీ."

"కమిటీ అంటే ఇక మాటేముంది" అని వాడు కత్తిరించాడు.

శుక్రవారం రెండో విడత చూపించారు. పెద్ద పాపాలు పోవడంతో మిగిలిన చిన్నవి పెద్దగా కనిపించడం మొదలుపెట్టాయి. రత్నాకర్ తల్లి కొడుకు కోసం మోకాళ్ల మీద ప్రార్థన చేస్తోంది.

"ముసుగేదండీ?" అన్నారు సువార్తమ్మ గారు. "తల మీద కొంగు లేకుండా ప్రార్థనేమిటి? రేపు మన అమ్మాయిలు ఇదే చూపిస్తారు నాకు."

"తల్లి ప్రార్థన కూడా తీసేయాలా?"

"కొంగు వేయించగలిగితే ఉంచండి."

ఈసారి పాస్టరు గారు కూడా ఇబ్బందిగా కదిలారు. "ఆ చేపల చెరువు సంగతండీ... మన సంఘంలో ఇద్దరు ముగ్గురికి కైకలూరు వైపు చెరువులున్నాయి. పనివాళ్లకు తిండి పెట్టరన్నట్టుగా ఉంటే నొచ్చుకుంటారేమో. వార్షికోత్సవం ముందు ఎందుకు చెప్పండి?"

మళ్లీ స్టూడియో. ఈసారి దుర్గాప్రసాద్ మిగిలింది మొత్తం ఒకసారి వేసి చూపించాడు. రత్నాకర్ పొద్దున్నే చద్దన్నం తిన్నాడు. సంచీ తగిలించుకుని పామర్రులో బస్సెక్కాడు. వెంటనే చిరిగిన చొక్కాతో అదే బస్‌స్టాపులో దిగాడు. తండ్రి పొలంగట్టు మీద పరుగెత్తుకుంటూ వచ్చి కావలించుకుని భోరున ఏడ్చాడు. ఊరంతటికీ బిర్యానీ పెట్టాడు.

"మాస్టారూ, ఇప్పుడు చూస్తుంటే ఆ కుర్రాడు బస్సులో ఏదో మేకుకి చొక్కా చింపుకుని వెనక్కొచ్చినట్టుంది" అన్నాడు దుర్గాప్రసాద్. "దానికి బిర్యానీ ఎందుకండీ?"

హెప్సిబా ఉంటే ఏం చేసేదో జయపాల్ గారికి తెలుసు. నవ్వేది. ముందు నవ్వి, ఆ తర్వాత సువార్తమ్మ ఇంటికి వెళ్లి కాఫీ తాగి, కొంగు లేని తల్లిని ఎలాగో కాపాడుకుని వచ్చేది. అది ఆయనకు చేతకాని విద్య.

"ఇలాగే ఇవ్వు. సినిమా పోయినా సాయంత్రం మిగలాలి నాకు" అన్నారు.

"తీసేసిన ముక్కలన్నీ వరసగా అతికించి ఈ పెన్‌డ్రైవ్‌లోనే పెడుతున్నా మాస్టారూ. నేనేదీ పారెయ్యను. పెళ్లి వీడియోలో మేనత్తని కత్తిరిస్తే మర్నాడు పొద్దున్నే స్టూడియో ముందు నిలబడి 'నేనెక్కడ?' అంటుంది. రేపు నేను పామర్రులో పెళ్లికి పోతున్నా. ల్యాప్‌టాప్, ప్రొజెక్టరు పంపిస్తాను, మీరే వేసుకోండి. రెండింట్లో ఏది సినిమానో చూడగానే తెలిసిపోతుంది."

శనివారం సాయంత్రం వానలేదు. కాలువ మీంచి గాలి వీచి దోమల్ని పక్క వీధికి తోలింది. తెర కట్టారు, చాపలు పరిచారు. ఎన్నడూ రాని కుర్రాళ్లు కూడా వచ్చి వెనకాల బైకుల మీద కూర్చున్నారు. పాస్టరు గారు ప్రార్థన చేసి, "పెద్దలు రెండుసార్లు చూసి, పిల్లా పెద్దా చూడదగ్గదిగా చేసిన సినిమా" అని మైకులో ప్రకటించారు.

జయపాల్ గారు పెన్‌డ్రైవ్ తెరిచారు. రెండు ఫైళ్లున్నాయి. పేర్ల బదులు ఏవో అంకెలు. దుర్గాప్రసాద్‌కు ఫోన్ చేస్తే బ్యాండు మేళం తప్ప ఏమీ వినపడలేదు. అప్పుడాయన శాస్త్రబద్ధంగా ఆలోచించారు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చెట్టు ఎప్పుడూ పెద్దగానే ఉంటుంది, కత్తిరించిన కొమ్మలు చిన్నవి. కాబట్టి పెద్దదే సినిమా. పెద్దది నొక్కారు.

తెర మీద రత్నాకర్ తండ్రి మీద వేలెత్తి, "నువ్వెప్పుడు పోతావా అని చూస్తున్నాను, ముందు నా వాటా పారేయ్!" అని అరిచాడు.

రెండు రోజుల్లో చెట్టుకంటే కొమ్మలే ఎక్కువయ్యాయన్న సంగతి అప్పుడు గాని జయపాల్ గారికి తట్టలేదు. ఆపడానికి ఏదో మీట నొక్కారు, శబ్దం పెరిగింది. ఇంకోటి నొక్కారు, ఇంకా పెరిగింది. సీసా మూత తెరుచుకున్న చప్పుడు గుణదల కొండకు తగిలి వెనక్కి వచ్చినట్టనిపించింది. సీసాలు, డ్యాన్సు, ఒకటి తర్వాత ఒకటి ఊపిరి తీసుకోకుండా వస్తున్నాయి. మధ్యలో మంచి అనేదే లేదు, మంచి అంతా రెండో ఫైల్లో ఉంది.

ఇక వైరు పీకడమే దారి. స్విచ్చు బాక్సు కోసం వైరు పట్టుకుని వంగి వంగి వెళ్లారు. అది నేరుగా వెళ్లి సువార్తమ్మ గారి కుర్చీ కింద తేలింది.

"అమ్మా, కొంచెం కాళ్లు..." అన్నారు ఆయన నేల మీద నుంచి.

"అడ్డం లేవండి జయపాల్ గారూ" అన్నారావిడ తెర మీంచి చూపు తిప్పకుండా. "వేలికున్న వాళ్లమ్మ ఉంగరం కూడా తాకట్టు పెట్టేలా ఉన్నాడు దరిద్రుడు."

జయపాల్ గారు అలాగే చతికిలబడ్డారు. తెర మీద కోడిపందెం మొదలయింది. మగవాళ్ల వైపు లాజరు గారు కుర్చీ అంచుకు జరిగారు.

"డేగ పుంజు మీద పెడుతున్నాడు, వెర్రివెధవ" అన్నారు పక్కాయనతో. "ఆ కాకి పుంజు నిలబడ్డ తీరు చూడు. డేగ రెండో ఎగురుకి పడిపోతుంది."

డేగ రెండో ఎగురుకే పడిపోయింది. పక్కాయన లాజరు గారి వైపు కొత్తగా చూశాడు. లాజరు గారు గబగబా బైబిలు ఒళ్లోకి తీసుకున్నారు.

తర్వాత తల్లి మోకాళ్ల మీద ప్రార్థన చేసింది. ఆవిడ తల మీద ముసుగు లేదన్న సంగతి ఎవరూ గుర్తు చేయలేదు. గుర్తు చేయాల్సినావిడ కొంగుతో కళ్లొత్తుకుంటున్నారు. చివరికి చెరువుగట్టు వచ్చింది. రత్నాకర్ తవుడు గుప్పెడు తీసి వణుకుతూ నోటి దగ్గరకు తెచ్చుకున్నాడు. హెప్సిబా కుట్టిన కుట్టు ఆ చేతికీ నోటికీ మధ్యగా దిగింది.

అంతే, తెర నల్లబడింది. పెద్ద ఫైలు అయిపోయింది.

జయపాల్ గారు లేచి నిలబడ్డారు. ఇప్పుడు మొదలవుతుంది గొడవ, అనుకున్నారు. ఇక ఈ తెర మడిచి పెట్టెలో పెట్టాల్సిందే.

"తర్వాత?" అన్నారు సువార్తమ్మ గారు.

"అమ్మా, క్షమించండి, పొరపాటున..."

"పొరపాట్లు తర్వాత చెబుదురు గాని, వాడు ఇంటికెళ్లాడా లేదా అది చెప్పండి ముందు! తవుడు తిన్నాడా?"

"వేయండి సార్!" అని వెనకాల బైకుల మీంచి కేకలు. చెరువులున్న ఒకాయన లేచి, "మా దగ్గరైతే ముందు కుర్రాడికి అన్నం పెట్టి మాట్లాడేవాణ్నండీ" అన్నాడు గద్గదంగా. పాస్టరు గారు నేల చూపులు చూశారు.

జయపాల్ గారు పరుగున వెళ్లి చిన్న ఫైలు నొక్కారు. రత్నాకర్ చద్దన్నం తింటున్నాడు.

"ఫ్లాష్‌బ్యాకు!" అన్నాడు ఒక కుర్రాడు మెచ్చుకుంటూ. "చెడక ముందు ఎంత బాగున్నాడో చూపిస్తున్నారు."

రత్నాకర్ బస్సెక్కాడు. ఆ బస్సు ఎటు తీసుకుపోతుందో ఇప్పుడు అందరికీ తెలుసు. "ఎక్కకురా నాయనా" అంది ముందు వరసలో ఒక ముసలామె. వెంటనే చిరిగిన చొక్కాతో దిగాడు. ఆ చొక్కా ఎలా చిరిగిందో కూడా అందరికీ తెలుసు. తండ్రి గట్టు మీద పరుగెత్తాడు. ఆవరణలో ఆడవాళ్లంతా ఒక్కసారిగా ముక్కులు చీదారు. లాజరు గారు కళ్లద్దాలు తుడుచుకుని, వెనక బైకు మీద ఉన్న తన కొడుకు వైపు ఒకసారి తిరిగి చూశారు. కొడుకు చెయ్యి ఊపాడు. బిర్యానీ వడ్డిస్తుంటే చప్పట్లు మోగాయి.

అంతా వెళ్లిపోయాక జయపాల్ గారు తెర విప్పుతుంటే ముగ్గురు పెద్దలూ వచ్చారు. ఆయన మడత ఆపి, "నేను వేసింది మీరు తీసేయమన్న ముక్కలు" అని ఉన్నదున్నట్టు చెప్పేశారు.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అన్నీనా?" అన్నారు సువార్తమ్మ గారు.

"ఒక్కటి వదలకుండా."

"నాకు తెలుస్తూనే ఉందండీ" అన్నారావిడ. "ఎక్కడో చూసినట్టుందే అనుకుంటూనే ఉన్నాను. కాకపోతే గదిలో చూసినప్పుడు వాడు ఎవరి పిల్లాడో అనిపించింది. ఇక్కడ అందరి మధ్యా కూర్చుంటే మన పిల్లాడైపోయాడు." తెర రెండో అంచు అందుకుని మడతకు సాయం పట్టారు. "ఈ కుట్టు వదులవుతోంది. వచ్చే ఏడాదికి గట్టిగా వేయించాలి. హెప్సిబా ఉంటే ఈ పాటికి సూది తెచ్చేది."

వచ్చే ఏడాది అన్న మాట జయపాల్ గారు రెండుసార్లు లోపల తలుచుకున్నారు. దుప్పటి మడతల్లో ముఖం దాచుకోవడానికి వీలుండడం కూడా మేలే అనుకున్నారు.

తర్వాతి వారం కమిటీ కూర్చుని, ముందు ముందు కూడా సినిమాను పెద్దలు తప్పనిసరిగా చూడాలని, అభ్యంతరకరమైనవన్నీ తీసేయించాలని, తీసేసినవాటిని ముందుగా ప్రదర్శించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.