సంతోషంలో మా డిపార్ట్‌మెంటే ఫస్ట్!

నూడుల్స్ గిన్నె ముందు పెట్టుకుని చాప్‌స్టిక్స్ విడదీస్తానో లేదో, ఫోన్ మోగుతుంది. 'మీ విద్యార్థుల్లో కొందరు మానసిక ఆరోగ్య సర్వే ఇంకా నింపలేదు' అని ఆఫీసు నుంచి. నువ్వుల ముద్ద కలిపిన మా వూహాన్ నూడుల్స్ చల్లారితే తాడులా బిగుసుకుపోతాయి. నేను రోజూ తాడే తింటున్నాను.

అయినా ఒట్టేసి చెబుతున్నాను, మనిషి దిగులుకి ఈ సర్వేని మించిన మందు లేదు!

'గత రెండు వారాల్లో ఉత్సాహం తగ్గిందా?' 'లేదు' నొక్కాలి. 'నిద్ర పట్టడం లేదా?' మళ్లీ 'లేదు'. అంతే, ఆకుపచ్చ టిక్కు! ఏ వైద్యంలో ఉందండీ ఈ స్పీడు?

ఈ యూనివర్సిటీలో పిల్లల బాగోగులు చూసే అడ్వైజర్‌ని నేను. మా డిపార్ట్‌మెంట్‌లో అందరూ సంతోషమే. ఆ పుణ్యం క్లాస్ లీడర్ చూ బొలిన్‌ది. సర్వే రాగానే గ్రూపులో మెసేజ్ పెడతాడు: "అన్నిటికీ మొదటి ఆప్షన్ 'లేదు' కొట్టండ్రా! ఎవడన్నా తెలివి చూపించి నిజం నొక్కాడో, క్లాసంతా ఆదివారం మీటింగులో కూచోవాలి!"

ఆ దెబ్బకి ప్రేమ చెడినవాళ్లు, జుట్టు ఊడినవాళ్లు, అందరూ కోలుకున్నారు. ఉద్యోగాలు రాని ఫైనలియర్ వాళ్లయితే మరీ! వాళ్ల ఆనందం చూసి డీన్‌గారికే కుళ్లొచ్చింది.

మియావో యుచింగ్ అనే అమ్మాయి మాత్రం 'తరచుగా ఏడుపొస్తోంది' అని నొక్కింది. అమాయకురాలు! రూలు ప్రకారం వాళ్లమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ రైలెక్కి వచ్చేసింది.

"జబ్బని ఫైల్లో రాసేశారా టీచర్? రేపు దీనికి గవర్నమెంటు ఉద్యోగం ఎవరిస్తారు?" అని నన్ను కడిగేసి, కూతురి వైపు తిరిగింది. "ఏడుపొస్తే ఏడు! నొక్కడం దేనికే?"

ఏ అఘాయిత్యమూ చేసుకోకుండా రూమ్మేట్లని కాపలా పెట్టాం. మళ్లీ సర్వే పంపాం. ఈసారి యుచింగ్ ప్రశ్నలు చదవకుండానే చకచకా నొక్కేసింది.

"ఇప్పుడు బాగున్నానా టీచర్?"

"పూర్తిగా!" అన్నాను. కాపలా ఎత్తేశాం. నాకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

వచ్చిన చిక్కల్లా ఒకటే. వారం నుంచి యుచింగ్ క్లాసుకి రావడం లేదు. క్యాంటీన్‌లోనూ కనిపించడం లేదు. డీన్‌గారికి చెబితే, "సర్వేలో బాగానే ఉంది కదమ్మా! బాగున్న పిల్లని కెలికి మన గ్రాఫు పాడుచేస్తావా?" అన్నారు.

అందుకే ఆయనకి చెప్పకుండా హాస్టల్‌కి వచ్చి తలుపు తట్టాను. యుచింగ్ కొంచెం తెరిచింది. మొహం ఉబ్బిపోయి ఉంది. "గత రెండు వారాల్లో..." అని మొదలుపెట్టాను.

"లేదు టీచర్. లేదు, లేదు, లేదు" అంటూ తలుపేసేసుకుంది.

నేనింకా ఆ తలుపు బయటే నిలబడి ఉన్నాను. లోపల ముక్కు ఎగబీల్చడం వినిపిస్తోంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు తెలిసిన ప్రశ్నలన్నీ ఆ సర్వేలోవే. అయ్యా, అమ్మా, మీ ఇళ్లలోనూ పిల్లలుంటారు. 'లేదు' అని తప్పించుకోలేని ప్రశ్న ఒక్కటంటే ఒక్కటి చెప్పండి. కాస్త తొందరగా!