టీచరుకు ఆపరేషన్

పదకొండు గంటలకు తనిఖీ అధికారి వస్తున్నాడు. ఆలోగా బొమ్మలన్నీ అటకెక్కించి, పిల్లల చేతికి పలకలిచ్చి వరసగా కూర్చోబెట్టాలని హెడ్మిస్ట్రెస్ గారు ముందురోజే చెప్పేశారు. ఆటలు ఇంట్లో ఆడుకోవచ్చు, బడికొచ్చేది అక్షరాల కోసం అన్నది ఆవిడ సిద్ధాంతం. తనిఖీలో తేడా వస్తే ఆటల మూల ఎత్తేయడమేనని కూడా అన్నారు. చిన్నపిల్లల తరగతి టీచరు తలూపింది. కానీ ఏడుస్తూ వచ్చిన పిల్లల్ని నవ్వించేది ఆ మూలే. అందుకని పొద్దున్నే ఒక్క అరగంట ఆడనిచ్చి, తర్వాత సర్దేద్దామనుకుంది.

ఆ రోజు ఆట ఆసుపత్రి. రోగి టీచరే. డాక్టరమ్మకు ఇంకా ఐదేళ్ళు నిండలేదు. కాలు విరిగిందని తేల్చి, పాత దుప్పటి చీలికలతో రెండు కాళ్ళూ కలిపి కట్టేసింది. ఊరికే ఉంచితే కట్లు పీకేసుకుంటుందని చేతులూ కట్టింది. నోట్లో ఐస్‌క్రీం పుల్ల పెట్టి, జ్వరం తగ్గేదాకా మాట్లాడొద్దంది. ఆటలో పడి టీచరు గడియారం చూడటం మరిచింది. చూసేసరికి పదింపావు. ముడి మీద ముడి వేసిన డాక్టరమ్మకు విప్పడం మాత్రం చేతకాలేదు.

సరిగ్గా అప్పుడే ఒక తాతగారు మనవడు మరిచిపోయిన నీళ్ళసీసా పట్టుకొచ్చారు. గుమ్మంలో చీపురు భుజాన వేసుకుని నిలబడ్డ బుల్లి వాచ్‌మన్ అడ్డుకున్నాడు.

"టీచర్‌కి ఆపరేషన్ అయింది తాతయ్యా. మాట్లాడకూడదు."

తాతగారు తొంగి చూశారు. చాపమీద టీచరు, ఒళ్ళంతా కట్లు. ఆమె పుల్ల ఉమ్మేసి అసలు సంగతి చెప్పబోయేలోగా డాక్టరమ్మ మళ్ళీ నోట్లో పెట్టేసింది. మూలుగు ఒక్కటే వినబడింది. తాతగారు పడుతూ లేస్తూ హెడ్మిస్ట్రెస్ గారి గదికి పరుగెత్తారు. బొమ్మలు అటకెక్కించమన్నది తనే కాబట్టి, టీచరు నిచ్చెన మీంచి పడిందని ఆవిడ తనంతట తనే నిర్ధారించుకుని అంబులెన్సుకు ఫోన్ చేశారు. ఆ మాట వరండాలో విన్న ఆయమ్మ, నిచ్చెన పిల్లల మీద కూడా పడిందేమోనని ఇద్దరు తల్లులకు కబురు చేసింది. ఆ ఇద్దరూ పదిమందికి చెప్పారు.

ఈ గొడవేదీ తెలియని అధికారి అరగంట ముందే వచ్చి నేరుగా తరగతికి నడిచాడు.

"చీటీ ఉందా?" అన్నాడు వాచ్‌మన్.

"నేను ఆఫీసర్ని బాబూ."

"ఆఫీసర్లకి కూడా జ్వరం వస్తుంది. చీటీ రాయించుకోండి."

చీటీల బల్ల దగ్గరున్నది నెల రోజులుగా పలక ముట్టని మొండిఘటం. ఆయన పేరడిగి, నాలుక బయటపెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మొత్తం రాసింది. ఒత్తు ఒక్కటే తప్పింది. అధికారి ఆ చీటీని రెండుసార్లు చదివాడు. తర్వాత జబ్బుపడ్డ బొమ్మల్ని ఎత్తుకున్న ముగ్గురు పిల్లల వెనక వరసలో నిలబడ్డాడు. చాపమీంచి ఇదంతా చూస్తున్న టీచరు, ఇక ఈ ఉద్యోగానికి నీళ్ళు వదులుకోవడమేనని కళ్ళు మూసుకుంది.

అంతలో స్ట్రెచరుతో నర్సు, వెనక హెడ్మిస్ట్రెస్ గారు, ఆ వెనక రొప్పుతూ తల్లులు బిలబిలమంటూ వచ్చిపడ్డారు. నర్సు కత్తెరతో కట్లు కోసి చూస్తే గీత కూడా లేదు.

"నేను పడలేదండీ," అంది టీచరు లేచి నిలబడి. "ఆడుకుంటున్నాం."

హెడ్మిస్ట్రెస్ గారు అధికారిని అప్పుడే చూశారు. క్షమించాలని, ఈ మూలను ఇవాళే తీసేయిస్తానని అనబోయారు.

"ఒక్క నిమిషం ఆగండమ్మా," అన్నాడాయన. "నా వంతు వచ్చింది."

ఎక్కడ నొప్పి అని డాక్టరమ్మ అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, నడుం అన్నాడు. డాక్టరమ్మ ఆయన వీపుకు చెవి ఆనించి విని, రెండ్రోజులు ఆఫీసుకు వెళ్ళొద్దని గట్టిగా చెప్పింది. చుట్టూ నిలబడ్డ తల్లులు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆఖరికి హెడ్మిస్ట్రెస్ గారూ నవ్వేశారు.

తనిఖీ నివేదిక మూడోరోజు గానీ రాలేదు. పిల్లలు రాయడం బాగుంది, ఆటల మూలను పెద్దది చేయాలి, రోగులు వేచి ఉండే సమయాన్ని మాత్రం తగ్గించాలి అని అందులో ఉంది.