వంద దగ్గరే మరగవలసిన నీళ్ళు

పొద్దున్నే పొయ్యి మీద ఎసరు పెట్టి, అది మరిగేలోగా మానికతో జొన్నలు కొలుస్తున్నాను. మొదటి మానికకు "ఒకటి" అనకూడదు, "లాభం" అనాలి. ఆ తర్వాతే రెండు, మూడు. అమ్మ నేర్పిన పద్ధతి ఇది. చూడండి, కొలత మొదలుపెడుతూనే మనం ఎంత ఉందో చెప్పం, ఎంత ఉంటే బాగుండునో చెబుతాం. ఇంత తెలివైన జనానికి బళ్ళో మళ్ళీ కొలవడం నేర్పాలా?

అందుకే అంటున్నాను. పిల్లల చేత ఏదీ కొలిపించకుండా మా బడి ఈ ప్రాంతానికి గొప్ప మేలు చేస్తోంది!

మా బడిలో సైన్సుకు కొదవేమీ లేదు. నిరుడు సర్కారు ఒక పెట్టె పంపింది. త్రాసు, గీతల గాజుజాడీ, అయస్కాంతం, థర్మామీటరు, మీటరు కర్ర అందులో ఉన్నాయి. అన్నింటినీ అలమారాలో భద్రంగా పెట్టారు. తాళంచెవి సైన్సు చెప్పే అమర్నాథ్ సార్ జేబులో ఉంటుంది. ఏడాదైనా జాడీకి చిన్న బీట పడలేదు. బయటికి తీసి వాడే బళ్ళలో ఇలా ఉంటుందా? మీటరు కర్ర ఒక్కటే బయట తిరుగుతోంది. అది రోజూ పిల్లల వీపులు కొలుస్తోంది.

ప్రయోగాలు జరగడం లేదనుకునేరు. నోట్‌బుక్కులు తెరిచి చూడండి. పోయినేటి పిల్లలు రాసింది చూసి ఈయేటి పిల్లలు రాస్తారు. చిక్కుడు గింజ నాటిన రోజే, అది పదో రోజుకు ఎంత పెరిగిందో రాసేస్తారు. నలభై మంది గింజలూ ఒకే రోజు మొలుస్తాయి, ఒకే ఎత్తు పెరుగుతాయి. ఒక్కటీ కుళ్ళదు, ఒక్కదాన్నీ కోడి తినదు. న్యాల్‌కల్ దిక్కు వానల్లేక రెండేళ్ళుగా విత్తినవి విత్తినట్టే పోతున్నాయట. ఆ రైతులకు మా నోట్‌బుక్కుల్లో తలా రెండెకరాలు ఇప్పిస్తే ఎంత బాగుండును!

ఆ పెట్టె రాకముందు నేనూ ఆ బడిలోనే చదివాను. థర్మామీటరును కంటితో చూడకుండానే, నీళ్ళు వంద డిగ్రీల దగ్గర మరుగుతాయని రాసి పదికి పది తెచ్చుకున్నాను. చూసి ఉంటే ఆ మార్కులు వచ్చేవా? వచ్చేవి కావు. రుజువు కావాలంటే మా చెల్లెలు భాగీరథి ఉంది.

అది ఏడో తరగతి. పోయిన నెల ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని అలమారా తెరిచారు. చెయ్యి వణకదని థర్మామీటరు దాని చేతికిచ్చారు. అది మరిగే నీళ్ళలో ముంచింది, చూసింది, తుడిచింది, మళ్ళీ ముంచింది. మూడుసార్లు చూసి తొంభై ఎనిమిది అని రాసింది. ఒక్కసారి కూడా చూడనక్కర్లేని పనికి మూడుసార్లు చూడమని ఎవరు చెప్పారు దానికి?

మొన్న నోట్‌బుక్కులు దిద్దుతూ సార్ దాన్ని ఎర్రసిరాతో కొట్టేశారు. శనివారంలోగా వంద అని రాసి తేకపోతే సైన్సు మార్కులు వెయ్యననీ, పరీక్షకు పేరు పంపననీ చెప్పారు. పేరు పోకపోతే దాని చదువు అంతటితో సరి. మా నాన్న చాలా రోజులుగా దాన్ని చేనికి పంపాలనే చూస్తున్నాడు.

విషయం చెబితే నాన్నకు మొదట అర్థం కాలేదు. "వందకు తొంభై ఎనిమిదంటే మంచిగనే తెచ్చింది గద. ఇంకేం గావాల్నట మీ సారుకు?" అన్నాడు. విడమరిచి చెప్పాక, "సారు వందంటే వందనే రాయి బిడ్డా. నీళ్ళేమన్న వచ్చి సాక్ష్యం జెప్తయా?" అన్నాడు.

"జెప్తయి నాయినా," అంది భాగీరథి.

ఆ శనివారం ఇవాళే. నా ఆరో మానిక దగ్గర అమర్నాథ్ సారే మా ఇంటికి వచ్చారు. చేతిరుమాలులో థర్మామీటరు తెచ్చారు. పిల్ల తప్పును తండ్రి ముందే చూపిస్తే మళ్ళీ నోరెత్తదని. మా ఎసట్లోనే ముంచారు. మెరిసే గీత గబగబా పైకి పోయి తొంభై ఎనిమిది దగ్గర ఆగింది.

"మంట సాలలే," అన్నారు సార్.

నేను కట్టెలు ఎగదోశాను. నీళ్ళు కుతకుతలాడి అంచు దాటి పొయ్యిలో పడ్డాయి. గీత కదల్లేదు.

"ఇంకిన్ని పెట్టాల్నా సార్? కట్టెలు అయిపోతే ఇంటి దూలముంది," అంది అమ్మ, చాలా మర్యాదగా.

భాగీరథి సైన్సు పుస్తకం తెచ్చి, వంద అని ఉన్న చోటికి కింది లైను మీద వేలు పెట్టింది. ఆ వంద సముద్రమట్టం దగ్గర, ఎత్తుకు పోయిన కొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి అని ఉంది అక్కడ.

"జహీరాబాద్ స్టేషన్ బోర్డు మీద మన ఎత్తు రాసుంది సార్. రెండువేల అడుగులకు ఎక్కువనే. మీరు రోజు ఆడనే గద రైలు దిగేది."

సార్ కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "నిజమే బిడ్డా," అన్నారు. "గని పేపర్లు దిద్దేటోళ్ళకు మన స్టేషన్ బోర్డు కనవడది. వందనే రాయి."

నాన్న దాని వైపు చూశాడు. అమ్మ చూసింది. కలం అందించింది మాత్రం నేనే. పదికి పది తెచ్చుకున్న చెయ్యి కదా.

భాగీరథి కూర్చుని రెండు లైన్లు రాసింది.

కొలిచింది: 98.
రాయమన్నది: 100.

సార్ ఎర్రకలం తీశారు. మొదటి లైను కొట్టేస్తారనుకున్నాను. కొట్టలేదు. రెండో లైనుకు టిక్కు పెట్టి, పదికి పది వేసి, కింద సంతకం చేశారు. భాగీరథి పేరు పరీక్షకు పోతుంది. అందరం బాగుపడ్డాం.

ఆయన థర్మామీటరును రుమాలులో చుట్టి, తాళంచెవి ఉన్న జేబులోనే పెట్టుకున్నారు. గడప దాటి వెళ్ళిపోయారు.