మా ఇంట్లో క్లోప్స్

నోరు పారేసుకునే మొగుడితో వేగడం కష్టమంటారు గానీ, నోరు దాచుకునే మొగుడితో కాపురం చేసి చూడమనండి. కింగా భర్త రాదెక్ రెండు మాటలతో తేలే పనికి మూడో మాట వాడడు.

ఆ రోజు మామగారు హిరోనిమ్ పేరు పండుగ. ఆ పేరుగల పునీతుడి రోజన్నమాట, పోలండ్‌లో పుట్టినరోజు కంటే ఘనంగా జరిగేది. కింగా పొద్దున్నే కైమాలో నానిన రొట్టె, వేయించిన ఉల్లిపాయలు కలిపి పిసికి, నడుమ ఉడికిన గుడ్లు పేర్చి, దిమ్మలా చుట్టి ఓవెన్‌లో పెట్టింది. దాని పేరే క్లోప్స్. పదకొండేళ్లుగా అత్తగారు గెనొవెఫా ఆ పని కోడలి చేతికివ్వలేదు. "నీ చేతిలో గుడ్లు నిలవవే, పక్కకి జారతాయి" అనేవారు. ఈసారి మోకాళ్ల నొప్పులొచ్చి ఒప్పుకున్నారు. ఇవాళ ఒక్క గుడ్డు ఒరిగిందంటే, ఇంకో పదకొండేళ్లు కింగాకి బంగాళాదుంపల చెక్కు తీసే ఉద్యోగమే.

అంతలో అత్తగారి ఫోను.

"నా చేతులు జిడ్డు. ఇక్కడేం జరుగుతోందో అడగడానికే, నువ్వే చెప్పు" అంది కింగా భర్తతో.

"అమ్మా, మా ఇంట్లో క్లోప్స్" అని రాదెక్ పెట్టేసి, స్నానానికి పోయాడు. వంట పేరు చెప్పానని అతని ధీమా. కానీ పోలండ్‌లో కొంప మునిగినా జనం అనేది "క్లోప్స్!" అనే.

అత్తగారు మళ్లీ మళ్లీ చేశారు. రేడియో పెట్టుకుని బీట్‌రూట్ తురుముతున్న కింగాకి వినబడలేదు. ఆవిడ కింగా వాళ్ల పై అంతస్తులో ఉండే లూత్సినాకి చేశారు. లూత్సినా తలుపు సందులో ముక్కు పెట్టి, "ఏదో కాలుతోందమ్మా! లోపలెవరో పాట కూడా పాడుతున్నారు, మతి పోయినట్టుంది!" అంది.

అత్తగారి చిన్నకొడుకు వితోల్ద్ ఊరి అగ్నిమాపక దళంలో ఉన్నాడు. పావుగంటలో ఎర్రబండి సైరన్‌తో వచ్చింది. అందులో కొత్త సూటుతో మామగారు, జపమాలతో అత్తగారు. వితోల్ద్ ఎవర్నీ ఏమీ అడక్కుండా భవనం మొత్తానికీ గ్యాస్ కట్టేశాడు.

"వదినా, ఏం కాలింది?"

"ఏదీ కాల్లేదు! ఉడకాల్సింది కూడా నువ్వు ఉడకనివ్వలేదు!"

తువ్వాలుతో వచ్చిన రాదెక్, "క్లోప్స్ అని చెప్పాగా" అన్నాడు.

"ఏ క్లోప్సో చెప్పొద్దట్రా, మొద్దూ!" అన్నారు తల్లి.

గ్యాస్ మళ్లీ వదిలేది సాయంత్రమేనట. సగం ఉడికిన దిమ్మను చూసి కింగాకి ఏడుపొచ్చింది. మామగారు కొత్త కోటు విప్పి దాని మీద కప్పి, "మా ఓవెన్ ఉందిగా తల్లీ, పద" అన్నారు.

అత్తగారి మొహం పాలిపోయింది. "అయ్యో! మా ఓవెన్!"

మళ్లీ సైరన్. వీధి చివర వాళ్ల వంటింటి కిటికీలోంచి నల్లటి పొగ. బండి సిద్ధంగా ఉండబట్టి ఇల్లు దక్కింది, తెరలు మసిబారాయంతే. వితోల్ద్ ఓవెన్‌లోంచి బొగ్గుదిమ్మొకటి తీసి విరిచాడు. నడుమ నల్లటి గుడ్లు.

"కోడలిది ఎలా వస్తుందో ఏమోనని... ఎందుకైనా మంచిదని..." అని గొణిగారు అత్తగారు.

కింగా ఓవెన్ తుడిచి తన దిమ్మ పెట్టింది.

బల్ల చుట్టూ నలుగురు అగ్నిమాపకులు, లూత్సినా కూడా కూర్చున్నారు. మొదటి ముక్క కోస్తే గుడ్డు నడిమధ్యన, గుండ్రంగా ఉంది. మామగారు గ్లాసెత్తి, "పిలవకుండానే పరిగెత్తుకొచ్చిన మీ అందరికీ దేవుడు మేలు చెయ్యాలి" అన్నారు. ఒక్క మాట తప్పు వినబడితే తనకోసం ఇంతమంది వస్తారా అనుకుంటే, కింగాకి ఎవరి మీదా కోపం నిలవలేదు.

అత్తగారు రెండో ముక్క కూడా తిని లేచి నిలబడ్డారు. "తప్పు నాదేనే, కింగా. పదకొండేళ్లుగా నాదే."

కింగాకి స్పష్టంగా వినబడింది. అయినా, "ఏంటత్తయ్యా?" అంది.