అమ్ముడుపోయిన కుట్టు మిషను

తనకంటే ముందు పోవడం భార్య చేసిన తప్పు. ఆ విషయంలో పెద్దాయనకు రెండో అభిప్రాయం లేదు. పోతే పోయింది, కిటికీ పక్కన కుట్టు మిషను వదిలేసి పోయింది. గదిలో ఎటు తిరిగినా మోకాలికి అదే తగులుతోంది. ఆ ఉదయం దాన్ని పాతసామాన్లవాడికి ఇచ్చి వదిలించుకుందామనుకున్నాడు.

కాఫీ తాగుతున్న అల్లుడు అడ్డుపడ్డాడు. మనిషి బేరమాడేటప్పుడు మెదడులో ఏం జరుగుతుందో స్కానర్లో చూడటం అతని ఉద్యోగం. ఆర్థికశాస్త్రం లెక్క ఎక్కడ తప్పుతోందో మెదడునే అడగాలంటాడు. సొంత వస్తువుకు జనం ఎక్కువ ధర ఎందుకు చెబుతారన్నది ఇప్పటి పరిశోధన. ఆ రోజు స్కానుకు రావలసిన మనిషి ఎగ్గొట్టాడు.

"కాసేపు పడుకుంటే చాలు మావయ్యగారూ. మీ సామాన్ల ఫొటోలు, ధరలు చూపిస్తాం. అమ్మాలంటే కుడి మీట, వద్దంటే ఎడమ మీట. తల మాత్రం కదపకండి."

"నా బుర్రలో బేరాల్లేవు. ఇస్తానంటే ఇస్తాను, అంతే," అని పెద్దాయన బయల్దేరాడు. చివర్లో చీటీ తీసి ఒక బేరాన్ని నిజంగానే జరిపిస్తామని కూడా అల్లుడు చెప్పాడు. అది వినకుండానే ఆయన ఒప్పందం కాగితం మీద సంతకం పడేశాడు.

స్కానర్ గొట్టంలోకి తోశాక తెర మీద ఇంట్లోని గోడగడియారం కనబడింది. వద్దన్నాడు. కుట్టు మిషను కనబడింది. మంచి ధర. కుడి మీట నొక్కాడు. మళ్ళీ కనబడింది, ధర సగం. నొక్కాడు. దిగి దిగి టీ డబ్బులకు దిగింది. అవతల అల్లుడు చూస్తున్నాడు మరి. నొక్కాడు.

చీటీలో ఆ బేరమే వచ్చింది. టీ డబ్బులు చేతిలో పెడితే ఇదీ ఆటలో భాగమే అనుకుని, బయట తీరిగ్గా టీ తాగి ఇంటికొచ్చాడు.

కిటికీ పక్కన ఖాళీ. నేల మీద మిషను కాళ్ళ మచ్చలు. ల్యాబువాళ్ళు సంతకం చూపించి పట్టుకుపోయారనీ, సాయంత్రం వేలం వేస్తారటనీ కూతురు చెప్పింది. పెద్దాయన చెప్పులు కూడా లేకుండా ల్యాబుకు పరిగెత్తాడు.

పొరపాటున నొక్కానన్నాడు. ల్యాబు పెద్ద ప్రొఫెసరమ్మ ఒప్పుకోలేదు. వస్తువు నిజంగా పోతుందంటేనే జనం నిజమైన ధర చెబుతారు, ఒక్కరికి తిరిగిచ్చినా పరిశోధన మట్టిపాలేనంది. మెదడు ఏమందో చూద్దామని తెర వెలిగించింది. వెలిగించి, దగ్గరికి వంగి చూసింది. మిగతా బొమ్మలన్నీ శుభ్రంగా ఉన్నాయి. మిషను చూపినప్పటి బొమ్మల్లో మాత్రం మెదడంతా సిరా ఒలికినట్టు అలుక్కుపోయి ఉంది.

"మిషను కనబడిన ప్రతిసారీ తల అడ్డంగా ఊపారండీ," అంది. "వేలు అమ్ముతానంటోంది, తల వద్దంటోంది."

ఊపినట్టు పెద్దాయనకే తెలియదు.

తల కదిలితే స్కాన్ చెల్లదు. స్కాన్ చెల్లకపోతే బేరమూ చెల్లదు. అల్లుడికి ఒక రోజు పని పోయింది, టీ డబ్బులూ అతనే కట్టాడు. మిషను కిటికీ పక్కకు చేరింది.

కూతురు గుమ్మంలో నిలబడి మెల్లగా అడిగింది. "తల ఎందుకు ఊపారు నాన్నా?"

"మెడ పట్టేసింది."

ఆ సంగతి ఇంకెవరూ ఎత్తడానికి వీల్లేదన్నాడు. గోడ మీద ఫొటోలో ఉన్న ఆవిడ దగ్గర కూడా ఆయన ఎత్తలేదు.