ఫ్రిజ్ తలుపూ తేనెటీగల బంకా

రెండువేల ఆరు ఏప్రిల్లో ఒక పొద్దున జహీరున్నీసా అక్కను చూసొస్తానని వనపర్తి బస్సెక్కింది. బస్సు కొల్లాపూర్ దాటిందో లేదో, ఆమె భర్త జాఫర్ తేనెపెట్టెల చట్రాలన్నీ వాకిట్లోకి దించాడు. మామిడి పూత ఎప్పుడో అయిపోయింది. పెట్టెలు శుభ్రం చేసి దాచాలి. చట్రాలకు పట్టిన మైనం గీకితే పోతుంది. సందుల్లో ఈగలు పూసిన గోధుమరంగు బంక ఉందే, దానితోనే చావు. ఇంటికొచ్చిన జిడ్డు చుట్టంలా ఒక పట్టాన వదలదు.

ప్లాస్టిక్ కుర్చీల మీద చట్రాలు పేర్చి కత్తితో గీకసాగాడు. ఎండకు బంక సాగి కత్తికి, వేళ్లకు, చివరికి గడ్డానికి పాకింది. చలికి అది పెళుసై, తడితే రాలిపోతుందని తేనెటీగల పెంపకం శిక్షణలో చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో ఫ్రిజ్ ఉండగా చలికి కొదవేమిటి?

ఆ గల్లీ మొత్తానికీ అదొక్కటే ఫ్రిజ్. జహీరున్నీసా దాన్ని రోజుకు రెండుసార్లు తుడుస్తుంది. మొగుడి వంక అంత ప్రేమగా చూసిన దాఖలా లేదు. జాఫర్ లోపలి అరలు పీకేసి చట్రాలు కుక్కాడు. పక్కింటి మణెమ్మ దాచుకున్న కూల్‌డ్రింకు సీసాలను మాత్రం అడుగున అలాగే ఉంచాడు. చట్రాల కొసలు బయటికి పొడుచుకొస్తే భుజంతో తలుపు నెట్టాడు. కొసల బంక తలుపు రబ్బరు నిండా పూసుకున్న సంగతి అతను చూడలేదు.

అంతలో మణెమ్మ వచ్చింది.

"తమ్మీ, కుర్చీలు తీస్కపోత. మా బిడ్డ నిరోషను సూడనీకి అయిజ నుంచి పెండ్లోళ్లు వస్తుండ్రు."

"అక్కా, జర తుడిసి..."

"తుడిసినవా? సల్లగుండు!" అంటూ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి నెత్తిన పెట్టుకుని పోయింది.

కాసేపటికి గోడ అవతలి నుంచి కేక వినిపించింది. "తమ్మీ, వచ్చిండ్రు! కూల్‌డ్రింకులు తే!"

జాఫర్ తలుపు లాగాడు. రాలేదు. కాలు తన్నిపెట్టి లాగాడు. ఫ్రిజ్ ముందుకొచ్చింది గానీ తలుపు రాలేదు. చలికి బంక రాయిలా బిగుసుకుపోయింది. ఉత్త చేతులతో మణెమ్మ ఇంటికి వెళ్లి ఆమె చెవిలో చెప్పాడు.

"అక్కా, ఫ్రిజ్ సీలైంది."

జాఫర్ గుసగుస మూడిళ్ల దాకా వినబడుతుంది. మంచం మీద కూర్చున్న పిల్లవాడి మేనమామ అబ్రహాం దొంగసారా పట్టుకునే ఆబ్కారీ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. సీల్ అన్న మాటకు ఆయన వెన్ను నిటారైంది.

"సీలా? లోపల ఏమున్నయ్?"

"సీసలు సార్. అన్నీ అక్కయే."

అబ్రహాం ముక్కు ఎగబీల్చాడు. జాఫర్ చొక్కా పాత తేనె కంపు కొడుతోంది. "గీ వాసనేంది?"

"పాతది సార్, జర పులిసింది. ఇంట్ల ఇంకా శానా ఉంది."

అబ్రహాం లేచి నిలబడ్డాడు. "పాస్టరు జెప్పిండని వచ్చినం. గిసుంటి ఇల్లనుకోలే. లేవరా అరుణ్, పోదాం."

మణెమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. నిరోషకు ఇంతకుముందు వచ్చిన రెండు సంబంధాలవాళ్లూ మధ్యలోనే లేచి వెళ్లారు. ఈ సంబంధం తన నోటివల్ల పోతోందని జాఫర్‌కు తెలిసింది.

పెళ్లికొడుకు అరుణ్ లేచాడు. కుర్చీ కూడా లేచింది. కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. మళ్లీ కుర్చీ వెంటే వచ్చింది.

"లేవమంటే కూసుంటవేందిరా?"

"లేస్తనే ఉన్న మామా. కుర్చీ ఇడుస్తలేదు."

గడపలో నిలబడ్డ నిరోష బిస్కెట్ల పళ్లెం ముఖానికి అడ్డం పెట్టుకుంది. పళ్లెం వణుకుతోంది.

"తమ్మీ, కదలకు!" అని జాఫర్ అరిచాడు. "గది ఈగల బంక. ఐసు పెడితే ఇడుస్తది!"

ఐసు ఫ్రిజ్‌లో ఉంది. నిరోషే పళ్లెం దించి, మూల మీది చేపల దుకాణానికి పోయి గోనెసంచిలో ఐసు తెచ్చింది. అరుణ్ చేపల కంపు కొట్టే ఐసుగడ్డలను కుర్చీలో తన చుట్టూ కుక్కుకుని, నడి ఎండాకాలంలో పళ్లు టకటకలాడిస్తూ కూర్చున్నాడు.

"మీరొచ్చి మీ కండ్లతోనే సూడుండ్రి సార్" అంటూ జాఫర్ అబ్రహాంను ఇంటికి లాక్కుపోయాడు. ఇద్దరూ కలిసి గుంజితే తలుపు తెరుచుకుంది, దాని రబ్బరు మాత్రం అబ్రహాం చేతిలో మిగిలింది. లోపల బంక పట్టిన చట్రాలు, అడుగున పసుపుపచ్చటి కూల్‌డ్రింకులు. అబ్రహాం ఒక్కో సీసా తిప్పి చూశాడు. ఒకటి మూత తీసి వాసన చూశాడు. తాగాడు. ఇంకోటి కూడా తాగాడు.

"తేనెనా?" అన్నాడు చివరికి.

వాళ్లు తిరిగొచ్చేసరికి అరుణ్‌ను కుర్చీ వదిలేసింది. అరచేయంత ప్యాంటుగుడ్డ మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. అతను గోడకు వీపు ఆనించి నిలబడి, నిరోష తాను పాఠాలు చెప్పే బడి గురించి చెబుతుంటే వింటున్నాడు.

"నాకిష్టమే అమ్మా" అంది నిరోష. "నౌకరీ ఇడువనంటే ఎనుకటోళ్లు సగంలనే లేసి పోయిండ్రు. ఈయన మొత్తం ఇన్నడు."

లేవడానికి ఆయనకు వీలెక్కడ ఉంది అని జాఫర్ నోటిదాకా వచ్చింది. మింగేశాడు. మణెమ్మ కళ్లు తుడుచుకుంటూ కోడి కొయ్యడానికి లేచింది.

సాయంత్రం బస్సులో జహీరున్నీసా దిగింది. ఇంట్లోకి వెళ్లి నీళ్లకోసం, రబ్బరు ఊడిన ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేసింది.

ఆ రాత్రి జాఫర్ భోజనం, పడక రెండూ మణెమ్మ వాకిట్లోనే జరిగాయి.